ఫిర్యాదులు లేని వీధి

ప్రపంచంలో ఉచితంగా దొరికేవాటన్నిటిలో అత్యంత న్యాయమైనది టోల్ ఫ్రీ నంబరు. గాలికి ఎవరూ డబ్బు కట్టరు, అందుకే అది మురికిగా ఉంటుంది. టోల్ ఫ్రీ ఫోనుకి మాత్రం ఒకరు కడతారు. చేసినవాడు కాదు, ఎత్తినవాడు. ఇళ్లకైనా, వ్యాపారాలకైనా సూత్రం ఇదే. మన గోడు మనం చెప్పుకుంటాం, విన్నందుకు వినేవాడు బిల్లు కట్టుకుంటాడు. (ఇంతటి త్యాగానికి సిద్ధపడిన సంస్థ, ఆ త్యాగం చేయాల్సిన అవసరం వీలైనంత తక్కువగా రావాలని కోరుకోవడం సహజం. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు.)

శాన్ పాబ్లో పట్నంలో మా వీధికి ఫోన్లు ఇచ్చింది లుంటియన్ టెలిఫోన్ సంస్థ. దాని టోల్ ఫ్రీ నంబరుకు ఒకే ఒక్క నిబంధన ఉంది. లుంటియన్ వారి ల్యాండ్‌లైన్ నుంచి చేస్తేనే ఫోను కలుస్తుంది. సెల్‌ఫోన్ నుంచి చేస్తే, ఈ సౌకర్యం మా కుటుంబ సభ్యులకు మాత్రమే అని ఒక ఆడగొంతు మర్యాదగా చెబుతుంది. దారిన పోయేవాళ్ల గోడు వినడానికి సంస్థ ఎందుకు ఖర్చు పెట్టాలి? ఇది సబబేనని నేను కూడా అనుకునేవాణ్ని, మా ఊరి పునీతుడి పండుగ ఫియెస్టా దగ్గరపడుతుండగా మా ల్యాండ్‌లైన్ చచ్చిపోయేదాకా.

మా అమ్మ పేరు ఫెలింగ్, పుతో అనే ఆవిరి కేకులు చేసి అమ్ముతుంది. బియ్యప్పిండి ఆవిరి మీద ఉబ్బి, పైన చీజ్ ముక్క పెట్టుకుని పెట్టెల్లోకి వెళ్తుంది. పెట్టె మూత మీద మా ల్యాండ్‌లైన్ నంబరు అచ్చువేసి ఉంటుంది. పాత గిరాకీలు ఆ మూత చింపి ఫ్రిజ్ తలుపుకి అంటించుకుని, ఫియెస్టా ముందు దాన్ని చూసి ఫోను చేస్తారు. ఏడాదంతా అమ్మేది ఒక ఎత్తు, ఆ కొద్ది రోజుల ఆర్డర్లు ఒక ఎత్తు. ఆ నమ్మకంతోనే అమ్మ ఈసారి అప్పు చేసి కొత్త స్టీమర్ కొంది. వంటింటి తలుపు తీసేస్తే గానీ లోపలికి పట్టనంత పెద్దది. దాన్ని లోపల పెట్టి తలుపు మళ్లీ బిగించిన మర్నాడే ఫోను పోయింది. గిరాకీలు చేస్తూనే ఉండి ఉంటారు. ఫోను మాత్రం బాలదేవుడు శాంటో నీన్యో బొమ్మ పక్కన, ఆయన కంటే మౌనంగా కూర్చుంది.

నా సెల్ నంబరు అట్టముక్క మీద రాసి గోడకి వేలాడదీశాం. అది మా వీధివాళ్లు చూశారు. మా వీధివాళ్లు ఎప్పుడూ ఫోను చేయరు, కిటికీలోంచి అరుస్తారు.

"నువ్వు చదువుకున్నావు కదా, ఆ కంపెనీవాళ్లతో నువ్వే మాట్లాడు," అంది అమ్మ. మా వంశంలో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కణ్నే.

"మాట్లాడాలంటే ముందు ఫోనుండాలి కదమ్మా."

"అంతేసి చదువులో అది కూడా చెప్పే ఉంటార్లే."

వీధిలో మిగతా లైన్లు వానాకాలంలోనే పోయాయి. బతికున్న ల్యాండ్‌లైన్ ఒక్కటే, అది పక్కింట్లో, ఆలింగ్ ఇస్కాంగ్ (అంటే ఇస్కాంగ్ పిన్నిగారు) దగ్గర ఉంది. ఆవిడ కూడా పుతో చేసి అమ్ముతుంది. చర్చిలో ఆవిడా అమ్మా ఒకే బల్ల మీద కూర్చుంటారు, మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత చోటు వదిలి. అమ్మ కాసేపు స్టీమర్ వంక చూసి, చర్చికి వేసుకునే మంచి గౌనొకటి తొడుక్కుని బయల్దేరింది. వెనకాల నేను.

"రా ఫెలింగ్, రా," అంది ఇస్కాంగ్ తలుపు తీస్తూ. "చేసుకో, ఉచితమేగా. కాస్త త్వరగా కానీ. నాకు ఆర్డర్లొచ్చే టైము."

"తొందరేముంది? నీ పుతో పది రోజులైనా అలాగే ఉంటుందటగా, రాయిలాగా."

"ఉంటుంది మరి. ఉన్నట్టుండి చచ్చిపోవడానికి అదేమైనా నీ ఫోనా?"

నేను నంబరు నొక్కాను. ఇళ్లకైతే ఒకటి, వ్యాపారాలకైతే రెండు నొక్కమంది. మా ఫోనుండేది ఇంట్లో కాబట్టి ఒకటి నొక్కాను. చాలాసేపు గిటారు విన్నాక రోవెనా అనే అమ్మాయి పలికింది.

"చెప్పండి సర్, మీ లైనుకి ఏమైంది?"

"పనిచేయట్లేదండి. మా అమ్మ పుతో ఆర్డర్లన్నీ పోతున్నాయి."

"అయ్యో. ఆర్డర్లంటే వ్యాపారం కదా సర్. రెండు నొక్కాలి."

రెండు నొక్కాను. ఈసారి ఒక పెద్దమనిషి. "స్టీమర్ ఎక్కడుంది?" అని అడిగాడు. వంటింట్లో అన్నాను. వంటింట్లో ఉంటే అది ఇల్లే, ఒకటి నొక్కండి అన్నాడు. నా గొంతులో తడబాటు విని జాలిపడ్డాడేమో, సంస్థ వారి నివాస-వ్యాపార విభజన నియమావళి నుంచి ఒక వాక్యం చదివి వినిపించాడు. రబ్బరు చెప్పులతో చేసేది ఇంటిపని, బూట్లతో చేసేది వ్యాపారం. అమ్మ కాళ్లవైపు చూశాను. మళ్లీ ఒకటి నొక్కాను.

"సర్, మీ లైను బాగానే ఉంది కదా," అంది రోవెనా. "మీ మాట ఎంతో స్పష్టంగా వినిపిస్తోంది."

"ఇది మాది కాదండి, పక్కింటివాళ్లది. మాది చచ్చిపోయింది కాబట్టే ఇక్కడికొచ్చి..."

"ఈ ఫోనుకి డబ్బు కట్టేది మేము కదా సర్. అందుకని ఏ లైన్లోంచి వస్తే ఫిర్యాదు ఆ లైను మీదే పడుతుంది. మీ లైను గురించి చెప్పాలంటే మీ లైన్లోంచే చేయాలి."

అమ్మ ఫోను లాక్కుంది. "ఏమ్మాయ్, చచ్చినవాడే లేచొచ్చి నేను చచ్చానని చెప్పాలా?"

"వీలైతే, మేడం," అంది రోవెనా.

మంచి పిల్ల. మమ్మల్ని ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక, ఫిర్యాదును ఇస్కాంగ్ లైను మీదే రాసింది. మనిషి వచ్చినప్పుడు మా ఇల్లు చూపించుకోమంది.

కొన్నాళ్లకి మాంగ్ తురో అనే లైన్‌మన్ నిచ్చెనతో వచ్చాడు. నేరుగా ఇస్కాంగ్ ఇంటికి వెళ్లాడు. నేను పరుగెత్తి, చెడిపోయింది మాది అని చెప్పాను.

"కావచ్చు తమ్ముడూ. నాకు రాసిచ్చింది ఈ ఇల్లు. రాయని ఇంటి దగ్గర నిచ్చెన వేస్తే రేపు నా జీతంలోంచి కోస్తారు."

"నా ఫోను నిక్షేపంలా ఉంది. ముట్టుకున్నావంటే చూడు," అంది ఇస్కాంగ్ గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"నిక్షేపంలా ఉంటే ఫిర్యాదెలా వచ్చింది ఆలింగ్ ఇస్కాంగ్? నన్ను పని ఎగ్గొట్టమంటారా?"

అతను పని ఎగ్గొట్టే రకం కాదు. సాయంత్రం దాకా స్తంభం మీదే ఉన్నాడు. మధ్యలో దిగి ఇస్కాంగ్ పుతో తిన్నాడు, మా అమ్మ పుతో కూడా తిన్నాడు, ఏది బాగుందో చెప్పకుండా మళ్లీ ఎక్కాడు. చివరికి కిందికి వచ్చి ఇస్కాంగ్ ఫోను ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. పెట్టేసి, మా ఇంటికొచ్చి మా ఫోను కూడా ఎత్తి చూశాడు.

"ఇప్పుడు రెండూ ఒకేలా ఉన్నాయి," అన్నాడు. "ఇంకో ఫిర్యాదు ఇవ్వండి, వస్తాను."

"ఎక్కణ్నుంచి ఇవ్వాలి?" అని అడిగాను.

"టోల్ ఫ్రీ ఉందిగా."

మర్నాడు అమ్మా, ఇస్కాంగూ, నేనూ సంస్థ ఆఫీసుకి వెళ్లాం. ఫిర్యాదులు ఇక్కడ తీసుకోబడవు, టోల్ ఫ్రీ నంబరుకు చేయగలరు అని గాజు తలుపు మీద అంటించి ఉంది. లోపల బల్ల మీద ఒక ల్యాండ్‌లైన్ కనిపించింది. దాంతో చేసుకోవచ్చా అని గార్డుని అడిగాను.

"అది పోయి చాలా కాలమైంది సర్," అన్నాడు. "ఎవరికి చెప్పాలో తెలీక అలాగే ఉంచాం."

తిరిగొచ్చేటప్పుడు, జనాన్ని కుక్కి తిప్పే జీప్నీ బండిలో అమ్మా ఇస్కాంగూ పక్కపక్కనే కూర్చున్నారు. మధ్యలో చోటు వదల్లేదు. (జీప్నీలో వదిలే వీలుండదు, అయినా వీధిలోకి దిగాక కూడా అలాగే నడిచారు.) ఇస్కాంగ్ మా వంటింట్లోకి వచ్చి కొత్త స్టీమర్ని చూసింది. ఇంకోసారైతే ఏదో ఒకటి అనేది.

ఫియెస్టా ముందురోజు లుంటియన్ వారి వ్యాను వీధిలోకి వచ్చింది. కుర్రాళ్లు దిగి పెద్ద బ్యానరు కట్టారు. అందులో ప్రాంతీయ సంతృప్తి అధికారి శ్రీ కటిగ్బక్ ముఖం, ఊరేగింపుకి సిద్ధం చేసిన పునీతుడి ముఖం కంటే పెద్దగా ఉంది. దాని కింద, ఇటీవల ఒక్క ఫిర్యాదు కూడా రాని ఆదర్శ వీధి అని రాసి ఉంది. శాన్ పాబ్లో మొత్తానికి ఆ ఘనత మాకే దక్కింది. కటిగ్బక్ గారు మైకు పట్టుకుని, సంతృప్తి చెందిన కస్టమర్ మౌనంగా ఉంటాడని, ఆ మౌనాన్ని వినగలగడమే తమ సంస్థ ప్రత్యేకత అని చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత పెట్టెలు పంచారు.

పెట్టెలో పుతో ఉంది. అమ్మ ఒకటి తీసి, వేలితో నొక్కి, వాసన చూసి ఇస్కాంగ్‌కి ఇచ్చింది. ఇస్కాంగ్ కొరికి, అమ్మ వంక చూసి, మెల్లిగా తల అడ్డంగా ఊపింది.

"ఇది ఎక్కడిది సార్?" అని అడిగింది అమ్మ.

"కాలాంబా నుంచి తెప్పించామమ్మా," అన్నారు కటిగ్బక్ గారు. "నిజానికి మీ వీధిలోనే ఇద్దరు బాగా చేస్తారని చెప్పారు. పెట్టెల మూతల మీద నంబర్లు చూసి మా సెక్రటరీ ఎన్నిసార్లు చేసిందో. ఇద్దరిలో ఒక్కరూ ఎత్తరే. చిన్న వ్యాపారాలు మూతపడేది ఇందుకేనమ్మా. ఫోనెత్తరు."

"ఆ ఇద్దరం మేమే సార్," అంది అమ్మ. "ఫోన్లు చచ్చిపోయాయి. వీధి మొత్తానికి ఒక్కటి కూడా లేదు."

ఆయన నిజంగానే బాధపడ్డారు. చేతిలో ఉన్న పుతో పక్కన పెట్టేశారు.

"మరి మాకొక్క మాట చెప్పకపోయారా అమ్మా," అన్నారు. "ఉచితమే కదా."