కాంతం మామ్మ కీర్తన, సత్యం బొంగోలు

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో ఒక శనివారం పొద్దున్న, టీ తాగుతూనే సత్యం ఒక నిర్ణయానికి వచ్చాడు. రేపటి ఆరాధనలో కీర్తన సినిమా ఫక్కీలో ఉండాలి. పాతపట్నం మిషను గుడిలో పదేళ్లుగా హార్మోనియం పెట్టె ఆయనదే. ఈమధ్య కుర్రకారు సాయంత్రం ప్రాక్టీసుకు రావడం మానేశారు. పాత కీర్తనల సాగుడు వాళ్లకు విసుగెత్తి ఉంటుందని ఆయన తేల్చేశాడు. నాటకాల వాళ్లనడిగి బొంగోలు, అదే సినిమా పాటల్లో మోగే జంట డోళ్లు, తెచ్చి, మధ్యాహ్నమంతా వాయించి అరచేతులకు వాపు తెచ్చుకున్నాడు.

సాయంత్రం ఒక్కరూ రాలేదు. కూతురు లీలారాణి కూడా ఇంట్లో లేదు. అందరూ టూరింగు టాకీసుకు పోయుంటారని సత్యం అటు పరుగెత్తాడు. టిక్కెట్ల వరసలో మొహాలు వెతుకుతుంటే భుజం మీద చెయ్యి పడింది. సంఘపెద్ద సుందరరావుది.

"ఏటి సత్యం, పాటల మాస్టారివి, సినిమాకొచ్చీసినావేటి?"

"పిల్లల్ని ఎతుకుతన్నాను బావా. మరి నువ్వు?"

సుందరరావు చేతిలోని టిక్కెట్టు నెమ్మదిగా జేబులోకి పోయింది. "నేనూ అందుకే వొచ్చాను. కానీ సూడు, రేపు పిల్లలు నోరిప్పి పాడకపోతే నీ పెట్టె ఇంకొకరికి ఇచ్చీడమే."

ఆ పెట్టె లేని ఆదివారాన్ని సత్యం ఊహించుకోలేడు.

ఉసూరుమంటూ ఇంటికి వస్తుంటే కాంతం మామ్మ అరుగు మీద కుర్రకారంతా కనబడింది. ఎనభై ఏళ్ల మామ్మ కళ్లు మూసుకుని, చిన్నప్పుడు మిషను దొరసాని నేర్పిన కీర్తన సాగదీసి చెబుతోంది. పుస్తకంలో లేని పాట అది. పిల్లలు ఆవిడకన్నా సాగదీసి పాడుతున్నారు.

"ఏటే ఇది?" అన్నాడు సత్యం.

లీలారాణి తడబడలేదు. "సినిమా పాటలు హోటల్ రేడియోలో రోజంతా మోగుతాయి నాన్నా. ఇది మామ్మకి తప్ప ఎవులికీ రాదు. మీ వయసోళ్లు మర్సిపోనారు. మేం నేర్సుకుంటే మాదైపోతాది."

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నువ్వు దీనికీ ప్రాక్టీసు పెట్టీస్తావు."

ఆదివారం పిల్లలు ఆ కీర్తన ఎత్తుకుంటే గుడంతా పాటతో నిండిపోయింది. పెద్దలకు ఒక్క మాటా తెలియక ఊరికే తలలూపారు. సత్యం కూతురి పెదవులు చూస్తూ, తడుముకుంటూ వాయించాడు. పదేళ్లలో అంత సంతోషంగా ఆయన ఎన్నడూ వాయించలేదు. బొంగోలు బల్ల కిందే ఉండిపోయాయి.

ఆరాధన అయ్యాక సుందరరావు పక్కకు చేరాడు. "పెట్టె నీదేలే. కుర్రోళ్లు బాగా పాడినారు." ఒకసారి బల్ల కిందికి చూసి గొంతు తగ్గించాడు. "వచ్చే వారం మాలాటి పెద్దోళ్ల కోసం ఆ బొంగోలు కూడా వాయించీ."

సత్యం వాచిన అరచేతులు వెనక్కి దాచుకున్నాడు.