శుక్రవారం పదకొండింటికి పేదరికం సమాప్తం

వచ్చే శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు ఊళ్ళో పేదరికాన్ని సమూలంగా నిర్మూలిస్తామని మంత్రిగారు మైకులో ప్రకటించారు. పదకొండుకే ఎందుకంటే, పన్నెండింటికి ఆయనకు పక్క ఊళ్ళో నిరుద్యోగ నిర్మూలన ఉంది.

ఈ కబురుకు అందరికన్నా ఎక్కువ సంబరపడింది ఇస్త్రీ వదిన. వీధి మొత్తానికీ ఆవిడ వదినే. ఆవిడ బొగ్గుల పెట్టెకు అడుగున చిల్లు పడి నిప్పురవ్వలు రాలుతున్నాయి. పోయిన నెల హెడ్మాస్టారి చొక్కా భుజం దగ్గర కాలింది. ఆయన మర్నాటి నుంచే బట్టలు ఇంకోచోటికి పంపడం మొదలుపెట్టారు. ఇంకో రెండు చొక్కాలు కాలాయంటే వదిన పొయ్యిలో పిల్లి లేవదు. అందుకే గ్యాస్ పెట్టె కొనుక్కోవడానికి పేదల బ్యాంకులో ఎనిమిది వేలు అప్పు అడిగింది. దానికి అర్హత సంపాదించడానికి రెండేళ్ళుగా నోరు కట్టుకుని మహిళా సంఘంలో వారం వారం పొదుపు కూడా కట్టింది.

బుధవారం లోను శాంక్షనయింది. గురువారం వదిన తన చీర తనే ఇస్త్రీ చేసుకుని బ్యాంకుకు వెళ్ళింది. ఫీల్డ్ ఆఫీసరు కుర్చీలోంచి లేచి మరీ అభినందించాడు.

"నిన్నటి నుంచి మీరు పేదవారు కారమ్మా."

"సంతోషం బాబూ. మరి డబ్బు?"

"డబ్బు పేదలకే ఇస్తాం. బ్యాంకు నమ్మి అప్పు శాంక్షన్ చేసిన మనిషి పేదరాలెలా అవుతుంది? మీ పేరు లిస్టులోంచి తీసేశాం."

అలాగైతే ఆ లోను కాగితం వెనక్కి తీసుకుని తనను మళ్ళీ పేదల్లో కలపమంది వదిన. అది అభివృద్ధిని అడ్డుకోవడమే అవుతుందని ఆయన ఓపిగ్గా నచ్చజెప్పాడు. ఇంతకీ పేదలంటే ఎవరని అడిగితే రూల్సు పుస్తకం తీసి చదివాడు. బ్యాంకులో తీసుకున్న అప్పు తీర్చలేకపోయినవాళ్ళే పేదలట.

"ఇస్తే కదయ్యా, తీర్చలేకపోవడానికి?" అంది వదిన.

చాలా మంచి ప్రశ్న అని మెచ్చుకుని, హెడ్డాఫీసుకు పంపిస్తానని రాసుకున్నాడు.

సాయంత్రానికల్లా నాలుగు వందల పన్నెండు మంది ఇదే పద్ధతిలో పేదరికం నుంచి బయటపడ్డారు. ఒక్క పేరు మాత్రం ఎంత ప్రయత్నించినా లిస్టులోంచి పోలేదు. రూల్సు ఒప్పుకోలేదు.

శుక్రవారం పదకొండింటికి మాజీ పేదలందరినీ వేదిక ముందు ఎండలో వరసగా నిలబెట్టారు. మిగిలిన ఆ ఒక్క పేదవాడికి మొత్తం లోన్ల సొమ్మంతా ఒకే చెక్కుగా ఇస్తున్నామని ఆఫీసరు ప్రకటించాడు. జనంలోంచి ఎవరూ కదల్లేదు. మంత్రిగారే కుర్చీలోంచి లేచి, కండువా సర్దుకుని, రెండు చేతులా చెక్కు అందుకున్నారు. ఆయన మిల్లు మీద తీసుకున్న కోట్ల అప్పు ఏడేళ్ళుగా తీరలేదని, రూల్సు ప్రకారం ఊళ్ళో ఆయనంత నిరుపేద లేడని ఆఫీసరు వినయంగా వివరించాడు. చెక్కు మహిళా సంఘం పొదుపు ఖాతా మీద రాశామని కూడా చెప్పాడు.

వదిన వరస దాటి ముందుకొచ్చింది.

"అందులో నా రెండేళ్ళ పొదుపుంది బాబూ."

మంత్రిగారు మైకు దగ్గరికి లాక్కున్నారు.

"చూశారా, మొన్నటిదాకా పేదరాలు. ఇవాళ సాటి పేదవాణ్ణి ఆదుకుంటోంది," అని కళ్ళు తుడుచుకుని వదినకు దండం పెట్టారు.