గిరిజ కుడికి తిప్పింది

ఆదివారం పొద్దున్నే న్యూకాసిల్ దాటి పల్లెదారుల్లో ఓ గంట కారు నడపాలి, పదకొండింటికల్లా ఇంటికొచ్చి పెసరట్లు వేసుకోవాలి. గిరిజ, ఆమె భర్త క్రాంతి వేసుకున్న పథకం అంతే. మంగళవారం గిరిజకి డ్రైవింగ్ టెస్టు. నాలుగోది. మొదటి మూడూ రివర్సు దగ్గరే పోయాయి. మూడోసారి పరీక్ష పెట్టినాయన “వెనక్కి వెళ్ళేటప్పుడు కళ్ళు మూసుకుంటున్నారు” అని కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. ఈసారి కూడా తప్పితే కొత్తగా వచ్చిన ఉద్యోగం చెయ్యి జారినట్టే. ఊరూరా డాక్టర్ల క్లినిక్కులకి తిరిగి రక్తం శాంపిళ్ళు తెచ్చే పనికి లైసెన్సు లేని మనిషిని ఎవరు పెట్టుకుంటారు?

గిరిజకి ఇంకో చిక్కుంది. కంగారు పుడితే లెఫ్టేదో రైటేదో కలగాపులగం అయిపోతుంది.

“ఇవాళ తెలుగులోనే చెప్తా. అన్నం తినే చెయ్యి గుర్తుంటుందిగా?” అన్నాడు క్రాంతి.

“ఆకలేసినప్పుడు గుర్తుంటుంది,” అంది గిరిజ.

ఆమె బ్రేకులు వేసే తీరుకి క్రాంతికి కడుపులో తిప్పుతుంది. అందుకని చలిలోనూ తన పక్క కిటికీ అద్దం దించే ఉంచాడు. ఓ చిన్న ఊరి మొదట్లో దారి రెండుగా చీలింది.

“కుడి! గిరిజా, కుడి!” అని అరిచాడు.

ఆ అరుపుకి బెదిరి గిరిజ ఇంజను ఆపేసింది. అంతలో రోడ్డు పక్క నుంచి ఒక ముసలాయన పరుగున వచ్చాడు. ఒక చేతిలో తాడు, ఇంకో చేతిలో క్యారెట్ల సంచి. కిటికీలో తల పెట్టి, ఆత్రంగా “కుడీ?” అని అడిగాడు.

“క్రాంతీ, ఈయనకి తెలుగొచ్చా?” అంది గిరిజ తెల్లబోయి.

ముసలాయన గడగడా ఏదో చెప్పుకుపోయాడు. ఇంగ్లీషే, కానీ ఆ యాసలో ఇద్దరికీ అందిన మాట అదొక్కటే. క్రాంతి మర్యాదగా “యెస్, కుడి” అని కుడివైపు దారి చూపించాడు. ముసలాయన కళ్ళు చెమర్చాయి. అడగకుండానే వెనక తలుపు తీసుకుని ఎక్కేసి, బయటికి వంగి ఒక ఈల వేశాడు. ఆ ఈలకి ఒక ట్రాక్టరు, సైకిళ్ళ మీద ఇద్దరు ఆడవాళ్ళు, చిన్న కారులో తెల్ల అంగీ తొడుక్కున్న చర్చి ఫాదరు వరసగా వచ్చి వెనక నిలిచారు.

“లిఫ్టు కావాలేమో పాపం,” అన్నాడు క్రాంతి.

“మరి ట్రాక్టరెందుకు?”

కారు కదిలింది. దారి చీలిన ప్రతిచోటా క్రాంతి “కుడి” అనడం, ముసలాయన “కుడీ! అయ్!” అని సీటు మీద చరచడం, వెనక సైకిళ్ళవాళ్ళు గంటలు కొట్టడం. గిరిజకి చెమటలు పట్టాయి.

“నేనేదో పెద్ద రూలే తప్పాను. లేకపోతే ఫాదర్ గారు కూడా వెంటపడతారా?”

మూడో మలుపులో దారి కారు పట్టేటంత సన్నబడి, ఒక చెక్క గేటు దగ్గర ఆగిపోయింది. గేటు అవతల క్యాబేజీ మడి. మడి మధ్యలో ఒక బూడిదరంగు గాడిద, ఎవరి సొమ్మో తింటున్నానన్న బెదురు లేకుండా నములుతోంది.

“కుడీ!” అంటూ ముసలాయన దూకి దాని మెడ కావలించుకున్నాడు.

“ఇది గాడిద కదా!” అంది గిరిజ.

ఫాదరు వచ్చి విడమరిచి చెప్పాక సంగతి తేలింది. ముసలాయన పేరు నార్మన్. తప్పిపోయిన గాడిద పేరు పెర్ల్. వాళ్ళ పక్క గాడిదని ‘కుడీ’ అంటారు. ఇవాళ మట్టల ఆదివారం, యేసు గాడిదనెక్కి వచ్చిన రోజు; ఊరేగింపు పదకొండున్నరకి. పెర్ల్ ముందు నడవకపోతే ఊరేగింపే లేదు. తమ భాషలో కుడి అంటే ఏమిటో క్రాంతి చెప్పగానే ఫాదరు పడీపడీ నవ్వాడు.

“కత్‌బర్ట్ అనే పేరుని ముద్దుగా కుడీ అనేవారు, అదే గాడిదకి అంటిందని కొందరంటారు,” అన్నాడాయన నిదానంగా. “కాదు, మీ దేశం వైపు నుంచి వచ్చిన జిప్సీలు గుర్రాల సంతల్లో వదిలిపెట్టిన మాటని ఇంకొందరంటారు. ఖాయంగా ఎవరికీ తెలీదు.”

“గాడిద, కుడీ... దగ్గరగానే ఉన్నాయండీ,” అంది గిరిజ. నార్మన్ ‘గాడిద’ అన్న మాటని రెండుసార్లు అని చూసి, గౌరవంగా టోపీ తీశాడు.

అయితే పెర్ల్ అడుగు కదపలేదు. తాడు లాగితే కూలబడింది. దాని చూపంతా కారులోని క్యారెట్ల సంచి మీదే. కారేమో తిరిగే చోటు లేదు. అర కిలోమీటరు వెనక్కే పోవాలి. వెనకనున్న ట్రాక్టరూ, ఫాదరు కారూ మెల్లగా వెనక్కి పోయి తప్పుకున్నాయి.

“నువ్వు దిగు, నేను నడుపుతా,” అన్నాడు క్రాంతి.

గిరిజ గాడిద వంక చూసింది, గడియారం వంక చూసింది. “నువ్వు క్యారెట్టు పట్టుకో,” అని రివర్సు గేరు వేసింది.

ఈసారి కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే అటు కంచె, ఇటు కంచె. క్రాంతి కిటికీలోంచి క్యారెట్టు చాపాడు. పెర్ల్ లేచి, నార్మన్ తీసిన గేటు దాటింది. కారు వెనక్కి, గాడిద ముందుకి, తాడు పట్టుకుని నార్మన్. అర కిలోమీటరు పొడుగునా ఒక్క ఆకు కూడా కారుని తాకలేదు. పదకొండూ ఇరవై ఎనిమిదికి చర్చి ముందు చేరేసరికి మట్టలు పట్టుకున్న జనమంతా చప్పట్లు కొట్టారు. ఫాదరు పట్టుబట్టి, ఎల్ బోర్డు తీయనివ్వకుండానే గిరిజ కారుని ఊరేగింపులో గాడిద వెనకే నడిపించాడు.

మంగళవారం గిరిజ పాసైంది. రివర్సు చూసి పరీక్ష పెట్టినావిడ “ఎక్కడ నేర్చుకున్నారు?” అని అడిగింది.

గురువారం ఆ పక్క పత్రికలో ఊరేగింపు ఫొటో పడింది. కింద గిరిజ పేరు, పెర్ల్ పేరు తప్పుల్లేకుండా వేశారు. క్రాంతిని మాత్రం ‘క్యారెట్టు పట్టుకున్న వ్యక్తి’ అన్నారు.