సభకు విచ్చేసిన సెల్‌ఫోన్లు

"మనిషి అబద్ధమాడొచ్చు గానీ మ్యాపు ఆడదండీ!" అని కిరణ్‌కుమార్ ప్రకటించాడు. కోడంబాక్కం తెలుగు సాహితీ విలాస సభ కార్యవర్గం యావత్తూ ఆ మాటకు తలూపింది. కార్యవర్గం యావత్తూ అంటే కార్యదర్శి రంగనాథం. మిగతావాళ్లెవరూ రాలేదు.

కిరణ్‌కుమార్‌ది విజయవాడ. కంప్యూటర్ ఉద్యోగం మీద చెన్నై వచ్చి, సభకు హాలు ఇస్తున్న ధర్మసంస్థలో గౌరవ సలహాదారుగా చేరాడు. సలహా లేకుండా నిద్రపట్టని మనిషి. ఫోను తీసి మ్యాపు తెరిచాడు.

"జనం జేబుల్లో ఫోన్లుంటాయి కదండీ. అవి ఎప్పుడు ఎక్కడున్నాయో చూసుకుని, ఏ చోటు ఏ గంటకి ఎంత రద్దీగా ఉంటుందో మ్యాపు గీతలు గీసి చెప్పేస్తుంది. ఆదివారం సాయంత్రం మీ హాలు చూడండి."

రంగనాథం కళ్లజోడు సవరించుకుని చూశాడు. పక్కనున్న కల్యాణమండపానికి గీత తాటిచెట్టంత ఉంది. తన హాలుకి ఆవగింజంత ఉంది.

"అది కూడా మీ ఫోనే అయ్యుంటుందండీ. రెండు నెలల్లో ఈ గీత లేవకపోతే మా సంస్థవాళ్లు హాలు జిమ్ముకిచ్చేస్తారు. ట్రెడ్‌మిల్లులు కూడా చూసి పెట్టుకున్నారు."

"ఏమి సార్ ఇట్ల చెప్తారు? ఆదివారమైతే ఈడ నిలబడేదానికి చోటుండదు!" అన్నాడు రంగనాథం. అది నిజమే. విరిగిన కుర్చీలన్నీ అక్కడే పేర్చి ఉంటాయి.

పాపం, రంగనాథానికి ఆ సభంటే ప్రాణం. ఎన్ని తరాల కిందటో తమిళనాట స్థిరపడిన కుటుంబం. ఇంట్లో మనవరాలు శరణ్య ఆయన తెలుగులో అడిగితే తమిళంలో బదులిస్తుంది. వారానికొక్క పూట నోరారా తెలుగు మాట్లాడుకునే చోటు ఆ హాలొక్కటే. పైగా 'తెలుగు పద్యంలో దోమ' అనే ప్రసంగాన్ని ఏళ్ల తరబడి రాసుకుంటున్నాడు. అది ఇంతవరకు ఒక్కరూ పూర్తిగా విన్న పాపాన పోలేదు. ఆ వేదిక మీద ట్రెడ్‌మిల్లా!

వెంటనే సభ్యులకు ఫోన్లు కొట్టాడు. అధ్యక్షుడు శ్రీనివాసరావు రిటైరైన బ్యాంకు మేనేజరు. "తెలుగు కోసం ప్రాణమిస్తానయ్యా రంగనాథం! ఆదివారం సాయంత్రం మాత్రం అడక్కు" అన్నాడు. కవయిత్రి సీతాదేవి అయితే, "నా హృదయం ఎప్పుడూ ఆ హాల్లోనే ఉంటుందండీ. నేను మాత్రం మాధవరంలో ఉంటాను. అంత దూరం ఎలా వచ్చేది?" అని నిట్టూర్చింది.

రంగనాథం దిగాలు చూసి భార్య పంకజం అడిగింది. "ఏమండి, ఆ మ్యాపు మనుషుల్ని చూస్తాదా, ఫోన్లని చూస్తాదా?"

"ఫోన్లనే."

"ఇంకేమి మరి? మనుషులెందుకు, ఫోన్లనే పిలవండి! ప్రతి ఇంట్లోనూ ఒక పాత ఫోను సొరుగులో ఊరికేనే పడుండాది గదా!"

ఆహా, ఏమి స్పందన! మనుషుల్ని రమ్మంటే రాని సభ్యులు, ఫోన్లనేసరికి సంచుల్లో వేసి పంపారు. ఒకాయన తనది, భార్యది, చనిపోయిన మామగారిది కూడా పంపాడు. ఆదివారం సాయంత్రం రంగనాథం వాటన్నిటికీ ఛార్జింగు పెట్టి, హాలు వైఫై తగిలించి, కుర్చీకొకటి చొప్పున కూర్చోబెట్టాడు.

కూర్చోబెట్టడమే గొడవైంది. "నా ఫోను మూడో వరసలోనా? అధ్యక్షుడి ఫోనయ్యా అది!" అని శ్రీనివాసరావు ఫోను చేసి కేకలేశాడు. తన కవితల్ని ఏకిపారేసిన విమర్శకుడి ఫోను పక్కన తన ఫోను పెడితే సభ్యత్వానికి రాజీనామా చేస్తానని సీతాదేవి కబురంపింది. రంగనాథం అందరి ఫోన్లకూ తగిన మర్యాదలు చేసి, దీపం వెలిగించి, దోమ ప్రసంగం మొదలుపెట్టాడు. దగ్గేవాళ్లు లేరు. కునికేవాళ్లు లేరు. నడుమ బ్యాటరీ అయిపోయి ఒక ఫోను ఆరిపోయింది గానీ, అది కూడా కుర్చీ వదిలిపోలేదు. ఇంత క్రమశిక్షణ గల శ్రోతలు ఏ వక్తకు దొరుకుతారు! అయినా మంచి పద్యం చదివి ఆగిన చోట 'ఆహా' అనే నోరొక్కటీ లేకపోయేసరికి ఆయనకు దిగులేసింది.

వారం వారం గీత లేచింది. నెల తిరిగేసరికి కల్యాణమండపాన్ని దాటేసింది!

"అదరగొట్టేశారండీ!" అని కిరణ్‌కుమార్ ఫోను చేశాడు. "వచ్చే ఆదివారం స్వయంగా వచ్చి, కళ్లారా చూసి రిపోర్టు రాస్తాను."

రంగనాథం సభ్యుల జాబితా తీశాడు. ఈ ఒక్కసారికి మనుషులే రావాలని మళ్లీ అందరినీ బతిమాలాడు.

"వద్దామనే అనుకున్నానయ్యా" అన్నాడు శ్రీనివాసరావు. "మ్యాపు చూస్తే మన హాలు కిటకిటలాడిపోతోంది. ఈ వయసులో ఆ తోపులాటలో నలిగిపొమ్మంటావా?"

"ఆ తోపులాట మీ ఫోన్లే గదా సార్!"

"డేటా అలా చెప్పడం లేదే!"

సీతాదేవి కూడా మ్యాపు చూసింది. "కాస్త ఖాళీగా ఉన్న వారం చెప్పండి, తప్పకుండా వస్తాను" అంది.

ఆదివారం రానే వచ్చింది. హాలు ముందు కారాగింది. డ్రైవరు అరుళ్ దిగి వెనక తలుపు తీశాడు. లోపలి నుంచి ఎవరూ దిగలేదు. అరుళే వంగి, సీటు మీది ఫోనును రెండు చేతులతో ఎత్తుకుని తెచ్చాడు.

"సార్ వచ్చేసినారు" అన్నాడు.

"ఏరప్పా?"

"ఇదో, ఇదే సార్! ఆయన ఫ్యామిలీతో మహాబలిపురం పోయినారు. ఈడికి వచ్చినారా లేదా అని సంస్థ పెద్దోళ్లు మ్యాపులో చూస్తా ఉంటారంట. సభ అయ్యేదాకా దీన్ని ఈడ కూర్చోబెట్టాల."

రంగనాథం ఆ ఫోనును ముందు వరస నడిమి కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పాడు. దీపం ఇంకా వెలిగించనే లేదు, కిరణ్‌కుమార్ రెండో ఫోను నుంచి సందేశం వచ్చేసింది. 'సభ దిగ్విజయం. స్వయంగా తిలకించి పులకించాను. హాలు సభకే!'

హాలు దక్కింది. ఆనందం పట్టలేక, చెప్పుకోవడానికి మనిషి కోసం చుట్టూ చూశాడు. అరుళ్ ఒక్కడే కనిపించాడు.

"నువ్వన్నా కూర్చోప్పా!"

"ఓ, కూర్చుంటా సార్" అని అరుళ్ తన ఫోను తీసి ఒక కుర్చీలో పెట్టి, కారులో నిద్రపోవడానికి వెళ్లిపోయాడు.

రంగనాథం జేబులోంచి తన ఫోను తీశాడు. ఇంట్లో సాధన చేసేటప్పుడు రికార్డు చేసుకున్న ప్రసంగం అందులోనే ఉంది. దాన్ని మొదలుపెట్టి, ఫోనును మైకు ముందు నిలబెట్టి, తలుపు చేరవేసి బయటపడ్డాడు.

వీధి చివర కాఫీ హోటలుంది. లోపలికి అడుగుపెట్టి చూస్తే, పొడుగాటి బల్ల చుట్టూ సభ్యులందరూ కొలువుతీరి ఉన్నారు! శ్రీనివాసరావు వడ చేత్తో ఆడిస్తూ పద్యం చదువుతున్నాడు. మాధవరం నుంచి రాలేని సీతాదేవి 'ఆహా' అంటోంది. ప్రతి ఆదివారం ఇక్కడే కలుస్తారట.

"రావయ్యా రంగనాథం, రా!" శ్రీనివాసరావు తొట్రుపడి జరిగి చోటిచ్చాడు. "నువ్విక్కడుంటే అక్కడ మాట్లాడుతున్నదెవరు?"

"నేనే సార్."

"మరి వింటున్నదెవరు?"

రంగనాథం కూర్చుని వడ పళ్లెం తన వైపు లాక్కున్నాడు.

"మీరే సార్! ఒక్కరు కూడా కదల్లేదు."