వినతిపత్రానికో మెట్టు

ఆ విశ్వవిద్యాలయంలో లైబ్రరీకి ర్యాంపు కావాలని ఎవరైనా వినతిపత్రం ఇస్తే, మర్నాటికల్లా లైబ్రరీ ముందు ఒక మెట్టు పెరిగేది. కొప్పిశెట్టి సుభాషిణి చరిత్ర శాఖలో పరిశోధనకు చేరేనాటికి అక్కడ పదకొండు మెట్లున్నాయి. కట్టినప్పుడు ఏడే ఉండేవనీ, ముప్ఫై ఏళ్లలో నలుగురు అడిగారనీ ఇంజనీరింగ్ విభాగం రికార్డుల్లో ఉంది.

సుభాషిణి చక్రాల కుర్చీలో తిరిగే మనిషి. పదేళ్ల వయసులో బోల్తాపడిన ఆటోలోంచి ప్రాణాలతో బయటపడింది గాని, నడుము కింది భాగం మళ్లీ ఆమె మాట వినలేదు. మెట్ల సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. చేరిన వారంలోనే ర్యాంపు కోసం వినతిపత్రం రాసి ఇచ్చింది. సెక్షన్ గుమస్తా దాన్ని చదివి, ముద్ర వేసి, రేపొకసారి లైబ్రరీ దగ్గరకెళ్లి చూసుకోమన్నాడు. ఆమె అతని చురుకుదనానికి సంతోషించింది. మర్నాడు వెళ్లేసరికి పన్నెండో మెట్టు ఉంది. మిగతావాటి లాగే నల్లరాయి, ఆరున్నర అంగుళాల ఎత్తు, ఏళ్లతరబడి జనం తొక్కినట్టు మధ్యలో చిన్న అరుగుదల. మూలనొక పాత కిళ్లీ మరక కూడా ఉంది. భవనం అంతమేరా పైకి లేచింది. మధ్యాహ్నం ప్లంబరొచ్చి నీళ్ల గొట్టానికి ఆరున్నర అంగుళాల ముక్క అతికి వెళ్లాడు.

గ్రంథాలయాధికారి డాక్టర్ పాణిగ్రాహి మంచి మనిషి. ఆమె వచ్చిందని తెలిసి తనే దిగి వచ్చాడు. ర్యాంపు ఫైలు నడుస్తోందనీ, నడుస్తున్నందుకు ఋజువే ఈ మెట్టనీ చెప్పాడు. స్పందన లేని విశ్వవిద్యాలయాలు ఎన్నో ఉన్నాయని కూడా అన్నాడు.

"మరి నేను లోపలికెలా రావాలండీ?" అని అడిగింది సుభాషిణి.

"అది కూడా రాసివ్వండమ్మా," అన్నాడాయన.

రాసిచ్చింది. పదమూడయ్యాయి.

మొదటి నెలలో ఒకసారి నలుగురు అటెండర్లు ఆమెను కుర్చీతో సహా ఎత్తి పైకి తీసుకెళ్లబోయారు. తొమ్మిదో మెట్టు మీద ఒకతని ఫోన్ మోగింది. కుర్చీని వాలుగా మెట్టుమీద ఆనించి, ఒంటి చేత్తో పట్టుకుని, బావమరిది గృహప్రవేశం గురించి ఆరు నిమిషాలు మాట్లాడాడు. మిగతా ముగ్గురూ మర్యాదగా ఎదురుచూశారు. సుభాషిణి ఆకాశం కేసి చూస్తూ కూర్చుంది. మాట పూర్తయ్యాక తనను కిందికే దించమంది. ఆ తర్వాత ఎవర్నీ ఎత్తనివ్వలేదు.

ఆమెకు కావలసినవి మొదటి అంతస్తులో ఉన్నాయి. పాత వారపత్రిక ఒకదాని బైండు సంపుటాలు. ఎనభై ఏళ్ల కిందట ఆ జిల్లాలోని ఒక జనపనార మిల్లులో ఆడవాళ్లు సమ్మె చేశారు. చంటిబిడ్డలకు పాలివ్వడానికి రోజుకు పది నిమిషాలు కావాలన్నారు. ఆ కబుర్లు వారంవారం అచ్చువేసిన పత్రిక అదొక్కటే. ఆ సమ్మె మీదే ఆమె పరిశోధన. సంపుటాలు శిథిలమై ఉండటంతో గది దాటించకూడదు, జిరాక్సు తీయకూడదు, ఫోటో కూడా తీయకూడదు. చదువుకోవచ్చు.

ఉపాయం అటెండర్ అప్పన్న చెప్పాడు. ఏడో తరగతి దాకా చదువుకున్నవాడు, రిటైర్మెంటుకు రెండేళ్లుంది. మధ్యాహ్నం రెండింటికి కిటికీ దగ్గర సంపుటం పెట్టుకుని, నిలబడి, కిందికి చదివేవాడు. ఆమె కిటికీ కింద గొడుగు వేసుకుని రాసుకునేది. మొదట్లో అతను మిల్లు వాళ్ల పేర్ల దగ్గర తడబడేవాడు. నెల గడిచేసరికి సూరమ్మ అనే కార్మికురాలి మాటలొచ్చినప్పుడు గొంతు మార్చి చదవడం మొదలుపెట్టాడు.

"ఈ పేజీ సగం చెదలు తినీసిందమ్మా. మిగిలింది చదివీమంటావా?" అని అడిగేవాడు.

చదవమనేది. సగం వాక్యాలు సగంగానే రాసుకునేది.

ఇంతలో విశ్వవిద్యాలయం, వికలాంగుల రాకపోకల ఇబ్బందులు చూడటానికి సుగమ్యతా కమిటీ వేసింది. సుభాషిణిని ప్రత్యేక ఆహ్వానితురాలిగా నియమించారు. సమావేశం లైబ్రరీ మూడో అంతస్తులో జరిగింది. ఆమె కింద రెండు గంటలు కూర్చుంది. పైనుంచి టీ కప్పుల చప్పుడు వినిపించింది. వారం తర్వాత తీర్మానాల ప్రతి పోస్టులో వచ్చింది. ప్రత్యేక ఆహ్వానితురాలు హాజరు కాలేదనీ, అయినా ఆమె వైపు నుంచి అభ్యంతరాలేవీ వ్యక్తం కాలేదనీ అందులో రాశారు. ఆమె దాని మీద అభ్యంతరం తెలుపుతూ వారానికో లేఖ, నెలకో రిమైండరూ రాసింది. లేఖకు పూర్తి మెట్టు, రిమైండరుకు అర మెట్టు వచ్చాయి. ఈ అర మెట్లే ప్రమాదకరమైనవి. అలవాటుగా కాలు వేసేవాళ్లు వాటి మీద తూలి పడేవారు. ఆ ఏడాది హెల్త్ సెంటర్లో చీలమండ కట్లు ఎక్కువయ్యాయి.

మెట్లు నలభై ఏడైన రోజు ఏడెనిమిది మంది విద్యార్థులు హాస్టల్ వరండాలో ఆమెను కలిశారు. గొడవకేం రాలేదు. ఆమెకు కుర్చీ వెయ్యబోయి, అవసరం లేదని గుర్తొచ్చి, తామే నిలబడ్డారు. పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లు. రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతున్నారట. వాళ్లలో గేదెల ఝాన్సీ అనే అమ్మాయి మాట్లాడింది.

"అక్కా, మీ బాధ మాకు తెలీక కాదు. మీరు అడక్కపోతే మెట్లు పెరగవు కదా. మీరెలాగూ ఎక్కరు. మాకోసం ఆపండక్కా."

సుభాషిణి ఆ పిల్ల మాటలో తప్పెక్కడుందో వెతికింది. ఉందని తెలుసు గాని, వాళ్ల కాళ్లకు కట్టిన కట్లు చూస్తూ దాన్ని బయటికి తీయలేకపోయింది. ఆ సాయంత్రమే తన వినతులన్నీ వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి ఇచ్చింది. ఆ కాగితం మూడు సెక్షన్ల చేతులు మారింది. సెక్షనుకో మెట్టు చొప్పున మర్నాటికి మెట్లు యాభై అయ్యాయి. మెట్టుకు కావలసింది కాగితమే తప్ప, అందులో కావాలని ఉందా వద్దని ఉందా అన్నది సాంకేతికంగా లెక్కలోకి రాదని ఇంజనీరు వివరణ ఇచ్చాడు.

దాంతో ఆమె రాయడం మానేసింది. అయితే యాభై మెట్లు ఎక్కలేనివాళ్లు అప్పటికే కొత్తగా తయారై ఉన్నారు. మోకాళ్ల నొప్పుల ప్రొఫెసర్లు, ఏడో నెల గర్భంతో ఉన్న కేటలాగ్ ఉద్యోగిని, ఆయాసం ఉన్న ఎమ్మెస్సీ కుర్రాళ్లు. ఎవరికి వారే విడివిడిగా, గౌరవంగా, తమ ఇబ్బంది విన్నవించుకున్నారు. ఎండాకాలానికి మెట్లు నూటపన్నెండయ్యాయి. పాణిగ్రాహి తన సీటును పరీక్షల విభాగంలోకి మార్చుకుని అక్కణ్ణుంచే గ్రంథాలయాన్ని నిర్వహించసాగాడు. ఝాన్సీ వాళ్లు ఊళ్లో జిరాక్సు షాపు పక్కనున్న కోచింగ్ సెంటరుకు మారిపోయారు. వెళ్లేముందు ఆమె సుభాషిణి దగ్గరకొచ్చి, ఆ రోజు అలా అనాల్సింది కాదంది. సుభాషిణి పరవాలేదంది.

అప్పన్న ఒక్కడూ ఎక్కేవాడు. పొద్దున్నే టిఫిను డబ్బా తీసుకుని బయల్దేరి, మధ్యలో రెండుచోట్ల కూర్చుని, పదకొండుకల్లా పైకి చేరేవాడు. అతను కిటికీలోంచి చదువుతుంటే కింద కొందరు ఆగి వినడం మొదలుపెట్టారు. అది పై అధికారుల దృష్టికి వెళ్లింది. గ్రంథాలయంలో నిశ్శబ్దం పాటించాలన్న నిబంధన ఉండగా గట్టిగా చదవడం కుదరదనీ, మినహాయింపు కావాలంటే సంబంధిత పరిశోధకురాలు దరఖాస్తు చేసుకోవాలనీ ఉత్తర్వు వచ్చింది.

సుభాషిణి ఆ కాగితం పట్టుకుని రెండు రోజులు ఆలోచించింది. పద్నాలుగు వారాల సమ్మెలో పదో వారం దాకా వచ్చింది. మిల్లు గేట్లు మూసేశారు. సూరమ్మను స్టేషనుకు తీసుకెళ్లారు. దరఖాస్తు చేస్తే మెట్టు పెరుగుతుంది, చెయ్యకపోతే కథ అక్కడే ఆగుతుంది. చేసింది. విశ్వవిద్యాలయం మినహాయింపును అదే రోజు సానుభూతితో మంజూరు చేసింది. కాని ఆ దరఖాస్తు పదకొండు సెక్షన్లు తిరిగి వచ్చింది కాబట్టి కిటికీ ఒక్కసారిగా ఆరడుగులు పైకి పోయింది.

పదకొండో వారం చదివేటప్పుడు అప్పన్న గొంతు సగమే కిందికి వచ్చింది. మిగతా సగం సముద్రం గాలి తీసుకుపోయింది. "స్టేషన్లో సూరమ్మ ఏటన్నాదంటే..." అన్నదాకా స్పష్టంగా వినబడింది. తర్వాత అతని నోరు కదలడం మాత్రం కనిపించింది. ఆమె మళ్లీ చెప్పమని చెయ్యి ఊపింది. మళ్లీ చదివాడు. మూడోసారీ చదివాడు. నాలుగోసారి దగ్గు తెర పట్టుకుంటే కిటికీ చువ్వల మీద తల ఆనించి నిలబడిపోయాడు.

సాయంత్రం అతను దిగి వచ్చేదాకా ఆమె మెట్ల దగ్గరే ఉంది. సూరమ్మ ఏమందో చెప్పమని అడిగింది. అప్పన్న ఆఖరి మెట్టు మీద కూలబడి కళ్లు మూసుకున్నాడు.

"అక్కడ చదివినప్పుడు తెలుసమ్మా. దిగినంతసేపూ మెట్లు లెక్కెట్టుకోడంతోనే సరిపోనాది. మర్చిపోయినాను," అన్నాడు. తర్వాత, తన మోకాళ్ల పని కూడా అయిపోయిందనీ, ఎక్కడైనా నేలమీద డ్యూటీ వేయమని రేపు రాసుకుంటాననీ, ఆమె క్షమించాలనీ చెప్పాడు. సుభాషిణి ఆ అర్జీ తనే రాసిపెట్టింది.

అప్పన్న తర్వాత పైకి ఎవరూ వెళ్లలేదు.

ఆ ఏడాది చివర్లో, వికలాంగ విద్యార్థులకు సమాన అవకాశాలు ఉన్నాయో లేదో చూడటానికి తనిఖీ బృందం వచ్చింది. రిజిస్టర్లు కిందికి దింపించడం కుదరక, ఉన్న సమాచారంతోనే పరిశీలించారు. గడిచిన ఆరు నెలల్లో లైబ్రరీలోకి వెళ్లిన వికలాంగ విద్యార్థులు సున్నా. వికలాంగులు కాని విద్యార్థులూ సున్నా. దేశం మొత్తం మీద తేడా పూర్తిగా తొలగిపోయిన గ్రంథాలయం ఇదొక్కటేనని బృందం అధ్యక్షుడు అభినందించాడు. విశ్వవిద్యాలయానికి ఈ అంశంలో పూర్తి మార్కులు వచ్చాయి. ప్రభుత్వం ఈ పద్ధతిని పరిశీలించి, ఏప్రిల్ నుంచి మిగతా కార్యాలయాలకూ వర్తింపజేస్తూ ఉత్తర్వులిచ్చింది.

సుభాషిణి తన సిద్ధాంత వ్యాసాన్ని పదకొండో వారం మధ్యలో ఆపి సమర్పించింది. సమ్మె ఎలా ముగిసిందో ఆమెకు తెలియదు. ఆ పది నిమిషాలు వాళ్లకు దక్కాయో లేదో తెలియదు. ఆ మాటే ఆఖరి పేజీలో రాసింది. పరీక్షకుడు దాన్ని చరిత్ర పట్ల వినయంగా గుర్తించి డాక్టరేటుకు సిఫారసు చేశాడు.

జూన్‌లో ఆమె వైకల్య ధ్రువపత్రం గడువు తీరింది. కొత్తది తీసుకోవడానికి ఊళ్లోని కార్యాలయానికి వెళ్లింది. అక్కడ మెట్లు ఆరే ఉన్నాయి. మెట్ల కింద, వేపచెట్టు నీడలో, ఇరవై ముప్ఫై మంది కూర్చుని ఉన్నారు. చేతికర్రల వాళ్లు, నల్లకళ్లద్దాల వాళ్లు, ఒళ్లో ఎదగని పిల్లల్ని పెట్టుకున్న తల్లులు. ఎవరి చేతిలో కాగితం వాళ్లకుంది. ఎవరూ ఇవ్వడం లేదు.

లోపలికి వెళ్లడానికి వేరే దారేమైనా ఉందా, అడగడానికి ఎవరైనా ఉన్నారా అని ఆమె పక్కనున్న ముసలాయన్ని అడిగింది. కాలు మోకాలి దాకానే ఉంది అతనికి. ఆమెను ఎగాదిగా చూసి, కొంచెం జరిగి కుర్చీకి నీడలో చోటిచ్చాడు.

"అడక్కమ్మా. ఆరే ఉన్నాయి. ఇలాగుంటే రేపు ఎవుడైనా ఎక్కుతాడు," అన్నాడు.

సుభాషిణి తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. ఎండ మళ్లుతుంటే అందరితో పాటు నీడ వెంట కొంచెం కొంచెంగా జరిగింది. ఎవరో మజ్జిగ సీసా అందిస్తే తాగి, పక్కవాళ్లకు ఇచ్చింది. అయిదింటికి గుమస్తా తలుపు దగ్గరికొచ్చి, వాళ్లందరినీ ఒకసారి చూసి, గోడకు ఆనించి రిజిస్టర్ తెరిచి ఆనాటి తేదీ వేశాడు. దాని ఎదురుగా 'ఫిర్యాదులు లేవు' అని రాసి, తలుపు వేసుకున్నాడు.