విశ్రాంతి ఎత్తు

పెద్ద పోటీలు దగ్గర పడగానే హనుమకొండలోని ఆ కళాశాల ఈతగాళ్లు నేలను వదిలి పైకి లేవడం మొదలుపెడతారు కాబట్టి, ఏటా ఆ రోజుల్లో హాస్టల్లో సీలింగు ఫ్యాన్లు వేయరాదని వార్డెన్ ప్రమీల మేడం నోటీసు అంటిస్తారు.

కారణం అందరికీ తెలిసిందే. ఈతగాళ్లు ఏడాదంతా తెల్లవారకముందే పూల్లో దిగుతారు. భుజాలకు బండలు కట్టినట్టయ్యేదాకా ఈదుతారు. పోటీలు ఇంకో మూడు వారాలున్నాయనగా కోచ్ ఆ ఈతను కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వస్తాడు. పొద్దుటి ప్రాక్టీసు ఆగిపోతుంది. సాయంత్రం కాసేపు నీళ్లలో కదిలి, ఒకటి రెండు సార్లు శక్తికొద్దీ ఈది, బయటికి వచ్చేయాలి. మిగతా సమయమంతా తినాలి, పడుకోవాలి. పేరుకున్న అలసట కరుగుతుంటే ఒళ్లు తేలికవుతుంది. తేలికైనది పైకి లేస్తుంది. మొదట మడమలు లేస్తాయి, తర్వాత వేళ్లు. మనిషి తలుపు పైగడియ దాకా లేచిన రోజున పోటీ పడితే పతకం వచ్చినట్టే. కళాశాల కాగితాల్లో దానిని విశ్రాంతి ఎత్తు అంటారు.

ఏర్పాట్లు పకడ్బందీగా ఉంటాయి. లేచినవాళ్ల నడుముకు తాడు కట్టి మంచం కోడుకు ముడి వేస్తారు. మెస్సులో వాళ్లకు చారు పోయరు, కింద కూర్చున్నవాళ్ల నెత్తిన పడుతుందని. పెరుగన్నం ముద్దలు చేసి అందిస్తారు. హాజరు పిలిచేటప్పుడు లెక్చరర్లు ఒకసారి పైకి కూడా చూడాలి. పైనుంచి అందరి జవాబులూ కనిపిస్తాయి కనుక పరీక్షల్లో మాత్రం వాళ్ల ముఖాలు గోడవైపు తిప్పి కడతారు.

తొందరపడి లేవడమూ మంచిది కాదు. నిరుడు సుధాకర్ అనే కుర్రాడు వారం ముందే వెళ్లి సీలింగుకు తగిలాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పోటీ రోజుకు పూర్తిగా దిగిపోయి, మామూలు మనిషిలా ఈది, ఆఖరున వచ్చాడు.

నవనీతకు ఆ బెంగ లేదు. ఆమె మడమలే ఇంకా లేవలేదు.

ఆమెది బటర్‌ఫ్లై ఈత. డిగ్రీ ఆఖరి సంవత్సరం. విశ్వవిద్యాలయాల పోటీల్లో ఈదడానికి ఇదే చివరి అవకాశం. జట్టులో మిగతావాళ్లంతా గాలిలో ఉన్నారు. అదే గదిలో ఉండే షబానా అయితే దోమతెర పైన బోర్లా తేలుతూ, జామకాయ కొరుకుతూ, కిందికి చూసి మాట్లాడేది.

"నీకంటె మెస్సుల రోలు నయమే. దాన్ని ఇద్దరు వడితెనన్న లేస్తది."

కోచ్ ఇమ్మానుయేలు సారు రోజూ సాయంత్రం వంగి, నవనీత మడమల కింద ఒక పోస్టుకార్డు దూర్చి చూసేవాడు. అది దూరేది కాదు.

"ఏం జేస్తున్నవమ్మా రూముల?"

"ఏం చేస్తలేను సార్. పండుకుంటున్న."

"పండుకున్నోళ్లు లేస్తరు. నువ్వు లేస్తలేవు. అంటే పండుకుంటలేవు."

సారు చెప్పింది నిజమే. మధ్యాహ్నం అందరూ నిద్రపోతున్నప్పుడు నవనీత హాస్టల్ మెట్లు ఎక్కి దిగుతోంది. బాత్‌రూములో నల్లా తిప్పి, ఆ చప్పుడు చాటున దండీలు తీస్తోంది. అది తప్పని ఆమెకు తెలుసు. ఒంట్లోకి తిరిగి బరువు చేరడమూ తెలుస్తూనే ఉంది. అయినా ఆగలేకపోతోంది.

ఆమె తల్లి యశోద ఆర్టీసీలో కండక్టరు. భర్త పోయాక ఆ ఉద్యోగంలో చేరింది. రోజూ మధ్యాహ్నం బస్సు ఆఖరి స్టాపులో ఆగినప్పుడు, ఒక చేత్తో చాయ గ్లాసు పట్టుకుని కూతురికి ఫోన్ చేస్తుంది. ఏం జేస్తున్నవ్ బిడ్డా అని అడుగుతుంది. పడుకున్నానని చెప్పడానికి నవనీతకు నోరు రాదు. ప్రాక్టీసు చేస్తున్ననమ్మా అంటుంది. ఫోన్ పెట్టేశాక, తల్లికి అబద్ధం చెప్పిన ముల్లు లోపల గుచ్చుతుంటే, ఆ మాటను నిజం చేయడానికి లేచి మెట్ల దగ్గరికి వెళ్తుంది. మంచం మీద ఉన్నప్పుడు ఎవరో తలుపు సందులోంచి చూస్తున్నట్టు ఉండేది. మెట్ల మీద ఆ చూపు ఉండేది కాదు.

ఒకరోజు షబానాకు దాహం వేసి, తాడు విప్పుకుని, వరండా కప్పును చేతులతో తోసుకుంటూ నీళ్ల కుండ వైపు వెళ్తోంది. కింద మెట్ల మీద చెమటలు కక్కుతున్న నవనీత కనిపించింది. అప్పుడే ఫోన్ మోగింది. షబానా పైనుంచి చెయ్యి చాచి దాన్ని లాక్కుంది.

"ఆంటీ, మీ బిడ్డ దొంగతనంగ మెట్లెక్కుతుంది. జర పండుకోమని చెప్పుండ్రి. నేను జెప్తె ఇంటలేదు."

ఫోన్ నవనీత చేతికి వచ్చింది. అవతల బస్సు ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"ఎందుకే?" అంది యశోద.

"నువ్వు పొద్దంత నిలవడి ఉంటవ్ గదమ్మా. నేను పండుకుంటె ఎట్లనో అయితది."

"నువ్వు మెట్లెక్కితె నా కాళ్ల నొప్పి తగ్గుతదా? ఒకరివి నొచ్చేకాడ ఇద్దరివి నొస్తయ్. పండుకో. మనింట్ల ఎవరో ఒకరన్న పండుకున్నరంటె నాకు సంబురం గాదా?" అంతలో ఎవరో బస్సెక్కినట్టుంది. "ఏడికి? హసన్‌పర్తికా? లోపటికి జరుగుండ్రి. పెడుతున్న బిడ్డా."

నవనీత గదిలోకి వెళ్లి పడుకుంది. సాయంత్రం ఎవరూ లేపలేదు. మర్నాడు మధ్యాహ్నం తల్లి అడిగినప్పుడు "పండుకున్ననమ్మా" అని చెప్పింది. ఆ మాట నోటినుంచి బయటపడగానే మడమలు జిల్లుమన్నాయి. ఆ సాయంత్రం పోస్టుకార్డు దూరింది. తర్వాత నోటుపుస్తకం, ఆ తర్వాత సారు టిఫిన్ డబ్బా. డబ్బా అవతలి వైపుకు వచ్చిన రోజు సారు దాన్ని ముద్దు పెట్టుకున్నాడు.

పోటీకి ముందురోజు ఈతగాళ్లంతా చేతుల మీద, కాళ్ల మీద నూగు గీసేసుకోవడం ఆచారం. ఏడాదిగా పెంచిన ఆ కాస్త బరువూ పోగానే నవనీత ఇంకో జానెడు లేచి, తల ట్యూబులైటుకు కొట్టుకుంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. షబానా ఆమె చేతులు పట్టుకుని గది మధ్యలో గాలిలో గిరగిరా తిప్పింది. కింద ప్రమీల మేడం తాళ్లు సరిచూసుకుంటూ, గోడకు కాళ్ల మరకలు పడకుండా ఆడుకోమని చెప్పి వెళ్లారు.

పోటీ హైదరాబాదులో. నిబంధనల ప్రకారం ఈదేవాళ్ల పొట్ట నీటికి తగులుతూ ఉండాలి, పూర్తిగా గాలిలో వెళ్లడం చెల్లదు. గట్టు మీద ఒక్కొక్కరినీ ఇద్దరు వాలంటీర్లు చీలమండలు పట్టుకుని ఆపారు. ఈల వినగానే వదిలేశారు. నవనీతకు ఈదుతున్నట్టే అనిపించలేదు. నీళ్లే ఆమెను చేతులు మార్చుకుంటూ అవతలి గట్టుకు అందించినట్టుంది. గోడ తాకి తల ఎత్తేసరికి పక్క వరుసలన్నీ ఇంకా వెనకే ఉన్నాయి.

ఆమె గ్యాలరీ వైపు చూసింది. రాత్రంతా డ్యూటీ చేసి అటునుంచి అటే వచ్చిన యశోద, ఖాకీ బట్టల్లోనే, గోడకు ఆనుకుని నిద్రపోయింది. ఆమె చెప్పులు నేల మీద ఉన్నాయి. పాదాలు వాటికి జానెడు ఎత్తున ఉన్నాయి.

నవనీత ఊపిరి బిగబట్టింది. పాదాలు ఇంకొంచెం లేచాయి. యశోద నిద్రలోనే నవ్వుతోంది. ఆ నవ్వును నవనీత ఎప్పుడూ చూడలేదు.

బ్యాడ్జీ పెట్టుకున్న వాలంటీరు ఒకతను వచ్చి మర్యాదగా యశోద భుజం తట్టాడు.

"అమ్మా, మీకేమన్న పోటీ ఉన్నదా?"

"లేదు సార్."

"మరి దిగుండ్రి. పోటీ ఉన్నోళ్లకే పర్మిషన్."

"సారీ సార్. తెల్వక లేసిన."

అతను భుజాల మీద చేతులు వేసి మెల్లగా నొక్కాడు. పాదాలు చెప్పుల్లోకి చేరాయి. చుట్టుపక్కలవాళ్లు సర్దుకుని కూర్చున్నారు. ఫైన్ వేయలేదు కదా అని నవనీత కూడా ఊపిరి పీల్చుకుంది.

సాయంత్రం ఇద్దరూ హనుమకొండ బస్సెక్కారు. అప్పటికే నవనీత మడమలు నేలకు ఆనుతున్నాయి. మెడలో పతకం ఉంది. ఒకే ఒక్క సీటు ఖాళీగా ఉంది.

"కూసో అమ్మా."

"వద్దు బిడ్డా. కూసుంటె కునుకు వడ్తది, మళ్ల లేస్తనేమో. బస్సుల బాగుండది."

నవనీత నవ్వింది. యశోద కూడా నవ్వి, పైరాడ్ పట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి గట్టిగా నిలబడింది. ఆ సీటు చివరిదాకా ఖాళీగానే ఉంది.