కెప్టెన్ గారి చాకు

అబద్ధమాడటం చేతకానివాణ్ణి సంతలోకి రానివ్వకూడదని నా నిశ్చితాభిప్రాయం. గేటు దగ్గరే ఆపి, రెండు చిన్న అబద్ధాలు చెప్పించుకుని, అవి నమ్మేలా ఉంటేనే లోపలికి పంపాలి. అప్పుడే కోప్పడకండి. పూర్తిగా చదివి కోప్పడండి.

నేను చెప్పేది కూరగాయల సంత గురించి కాదు. ఊరి చివర మూతపడిన మిల్లు వెనక ఖాళీ జాగాలో ఆదివారం పొద్దున్నే పరుచుకునే పాతసామాన్ల సంత గురించి. అక్కడ ఒక మూలంతా మాది, అంటే మడత చాకుల వాళ్ళది. జేబులో పట్టే చాకులు కొంటాం, అమ్ముతాం, ఎక్కువగా ఒకటిచ్చి ఇంకొకటి తీసుకుంటాం. సాయంత్రానికి అందరి జేబులూ మారిపోతాయి, అందరికీ తానే లాభపడ్డానన్న తృప్తి మిగులుతుంది. ఇంతకంటే ధర్మబద్ధమైన వ్యాపారం ఎక్కడైనా ఉందా?

ఈ మధ్య కొందరు విసుక్కుంటున్నారు. "ఏ వస్తువు పట్టుకున్నా దానికో స్టోరీ తగిలిస్తున్నారండీ. సబ్బు కొంటే ఆ సబ్బు కనిపెట్టిన నాయనమ్మ జీవితచరిత్ర రేపర్ మీద ఉంటోంది. కుర్చీ కొనడానికి వెళ్తే ఇది కుర్చీ కాదు, ఒక ప్రయాణం అంటున్నాడు. కూర్చోవడానికి కావాలయ్యా అంటే వాడికి అర్థం కావట్లేదు" అని. ఇదొక పీడట! పీడ కాదు, వరం. కథే లేకపోతే చాకుకీ ఇనపముక్కకీ తేడా ఏముంది? కోస్తుందంటారా? కోసే చాకు ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. దానికోసం ఆదివారం నిద్ర పాడుచేసుకోవాలా?

మా మూలలో కథ లేని చాకు ఉండదు. అడవిలో పులితో పోరాడిన ఆఫీసరు గారి చాకు నా దగ్గర ఉంది. దాని అలుగు, అంటే కోసే భాగం, నా చిటికెన వేలంత. దాంతో పోరాటానికి దిగితే ఆ పులి నవ్వలేక చచ్చి ఉండాలి. అదే ఆఫీసరు గారి చాకులు ఆ అమ్మినాయన దగ్గర ఇంకా కొన్ని కనిపించాయి. ఇదెలా సాధ్యమని అడిగాను. "పులులు మాత్రం ఒకటే ఉంటాయా సార్?" అన్నాడు. తర్కానికి తలవంచి తీసుకున్నాను.

సర్వసంగ పరిత్యాగి ఒకాయన కొండగుహలో వాడిన చాకు కూడా నా దగ్గరే ఉంది. దానికి సీసా మూత తీసే కొక్కెం ఉంది. నేనేమీ అడగలేదు. మహానుభావుల విషయాల్లో తొందరపడకూడదు.

ఇలా మా ఇంట్లో ఒక డ్రాయరు నిండా చాకులున్నాయి. ఒక్కటీ తెగదు. తెగేలా సాన పడితే విలువ పడిపోతుందని నేను ఎవర్నీ ముట్టుకోనివ్వను. ఇన్ని చాకులున్న ఇంట్లో మా ఆవిడ పాల ప్యాకెట్టు పళ్ళతో చింపుతుంది. చింపుతూ నావంక చూస్తుంది. సంస్కృతిని కాపాడేవాళ్ళు ఇలాంటి చూపులు భరించక తప్పదు.

సరే, అసలు విషయానికి వస్తాను. మా మామగారు.

మా మామగారు పండ్ల మొక్కల నర్సరీలో అంట్లు కట్టేవారు. ఒక చెట్టు కొమ్మని కోసి ఇంకో చెట్టుకి అతికించి బతికించడం ఆయన వృత్తి. ఈ మధ్య చేతులు వణుకుతున్నాయి. మా ఇంటికి వచ్చినప్పుడు జేబులోంచి తన చాకు తీసి టేబుల్ మీద పెట్టారు.

"ఇక నాకు పనికిరాదు. ఎవరైనా పని చేసుకునేవాళ్ళకి ఇవ్వాలి" అన్నారు.

నేను వినయంగా చెయ్యి చాచాను. ఆయన నా చేతివంక చూశారు. లేచి వెళ్ళి నా డ్రాయరు తెరిచి చూశారు. మెల్లిగా మూసేశారు.

"ఆదివారం సంతకి వెళ్దాం అల్లుడుగారూ" అన్నారు.

అవమానం దిగమింగి తీసుకెళ్ళాను. ఆయన తువ్వాలు పరిచి మధ్యలో ఆ ఒక్క చాకు పెట్టుకుని కూర్చున్నారు. చూడటానికి వచ్చినవాళ్ళతో ఆయన బేరం ఎలా సాగిందో వినండి. "అలుగు సాన పట్టీ పట్టీ సగం అరిగిపోయింది. పిడికి ఇటుపక్క పగులుంది. మూసేటప్పుడు వేలు జాగ్రత్త." ఎవరిదండీ ఇది అని అడిగితే "నాదే" అనేవారు. మీరెవరని అడిగితే "అంట్లు కట్టేవాణ్ణి" అనేవారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే చాకు కింద పెట్టి, కాస్త భయంగా వెనక్కి నడిచేవారు. తన సరుకులో లోపాలు తనే చెప్పేవాణ్ణి మా సంత ఎన్నడూ చూసి ఎరగదు. ఏదో మోసం ఉందనుకున్నారు పాపం!

ఎండెక్కింది. మామగారు టీ తాగడానికి వెళ్ళారు. "చూస్తూ ఉండండి" అన్నారు. చూస్తూ ఉంటే సరిపోయేది.

అప్పుడు మొక్కలమ్మే ఆవిడ వచ్చింది. సంతలోనే అవతలి వరసలో కుండీలు పెట్టుకుని అమ్ముకుంటుంది. చాకు తీసి విప్పింది. గోటి మీద ఆనించి చూసుకుంది. పగులు మీద బొటనవేలు ఆనించి చూసి, పర్లేదన్నట్టు తలూపింది.

"బాగుంది. ఒక మంచి మొక్క ఇస్తాను, ఇస్తారా?" అంది.

నాకు మనసొప్పలేదు. మా మామగారి చాకుకి ఒక మొక్కా? రేపు నలుగురిలో నా పరువేం కావాలి? గొంతు సవరించుకున్నాను.

"అమ్మా, ఇది మామూలు చాకు కాదు. ఒక ఓడ కెప్టెన్ గారిది. తుఫానులో తెరచాప తాళ్ళు చిక్కుపడితే ఇదొక్కటే పట్టుకుని స్తంభం ఎక్కి, తాళ్ళు కోసి, ఓడనీ ఓడలో వాళ్ళనీ కాపాడారాయన" అన్నాను. నా గొంతు నిజంగానే వణికింది. మంచి అబద్ధం చెప్పేటప్పుడు నాకు కళ్ళు చెమరుస్తాయి.

ఆవిడ చాకుని జాగ్రత్తగా మడిచి, తువ్వాలు మీద పెట్టేసింది.

"అంత పెద్దవాళ్ళది నాకెందుకు బాబూ. నేను కొమ్మలు కోసుకునేదాన్ని" అని వెళ్ళిపోయింది.

ఆవిడ వెనకే నిలబడి ఇదంతా వింటున్న కళ్ళజోళ్ళ షాపాయన ఒక్క అంగలో ముందుకొచ్చాడు. మా మూలలో ఆయన్ని షోకేసుగారు అంటాం. షాపులో అద్దాల బీరువా ఒకటి పెట్టి, లోపల లైట్లు వేసి, చాకులు వరసగా నిలబెడతాడు. నగిషీ పిడి ఉన్న పెద్ద చాకు ఒకటి నా చేతిలో పెట్టి కెప్టెన్ గారి చాకు జేబులో వేసుకున్నాడు. అది నా జీవితంలోకెల్లా గొప్ప బేరం.

మామగారు తిరిగొచ్చారు.

"ఎవరు తీసుకున్నారు?"

"పెద్ద షాపాయన మామయ్యగారూ."

"దాంతో ఏం కోస్తాడట?"

"కొయ్యడు. అద్దాల బీరువాలో పెడతాడు. లోపల లైటు కూడా ఉంటుంది."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. నగిషీ పిడి చాకు చూపించబోయాను, చూడలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఇల్లు దగ్గరపడ్డాక, "పని చేసేదాన్ని తీసుకెళ్ళి లైటు కింద కూర్చోబెట్టారు" అని మాత్రం అన్నారు.

ఆ వారమంతా ఆయన సరిగా తినలేదు. మాటిమాటికీ చెయ్యి జేబు దగ్గరికి వెళ్ళి ఖాళీగా వెనక్కి వచ్చేది. మా ఆవిడ వంటింట్లోకి పిలిచి, "ఏవండీ, నాన్న నోరు విప్పట్లేదు. ఏం చేశారు?" అంది. జరిగింది చెప్పాను. తిట్టలేదు. "రేపు ఆదివారం" అని మాత్రం అంది. నాకు నిజంగానే బాధేసింది. తెచ్చి తీరాలనుకున్నాను.

ఇక్కడే పాఠకులు జాగ్రత్తగా చదవాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. సంతలో అబద్ధం చెప్పడం తేలిక. నిజం చెప్పడం ఎంత కష్టమో ఆ రోజే నాకు తెలిసింది.

డ్రాయరులోని చాకులన్నీ మూటగట్టి, మామగారిని వెంటబెట్టుకుని సంతకి వెళ్ళి షోకేసుగారిని పట్టుకున్నాను. ఆయన చాకుని మెత్తటి గుడ్డలో చుట్టి నలుగురికీ చూపిస్తున్నాడు.

"ఏమండీ, ఆ కెప్టెన్ లేడు. నేనే కల్పించాను" అన్నాను.

ఆయన చిరునవ్వు నవ్వాడు. "వెనక్కి కొనాలనుందా? సరుకుని ఇలా కించపరిస్తే తగ్గిస్తానా నేను?"

"అలుగు చూడండి, సగం అరిగిపోయింది."

"సముద్రపు ఉప్పుగాలి కదండీ మరి."

"పిడికి పగులుంది."

"స్తంభం మీంచి జారిపడినప్పటిది" అన్నాడాయన, నేను మరిచిపోయింది గుర్తుచేస్తున్నట్టు. జారిపడటం నేను చెప్పలేదు!

అలా కాదని రూటు మార్చాను. "అది అరిష్టమండీ. ఆ కెప్టెన్ తర్వాత ఓడతో సహా మునిగిపోయాడు. ఇంట్లో పెట్టుకోకండి" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు అబ్బా అన్నారు. షోకేసుగారి కళ్ళు మెరిశాయి. మునిగిన ఓడ చాకుకి విలువ ఇంకా ఎక్కువట.

గత్యంతరం లేక మామగారిని ముందుకు తోశాను. ఆయన అబద్ధమాడరు కదా, ఆయన చెబితేనైనా నమ్ముతాడని.

"బాబూ, ఆ చాకు నాది" అన్నారు మామగారు.

షోకేసుగారు ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు. తెల్లజుట్టు, ఎండకి కమిలిన ముఖం, వణికే చేతులు. మెల్లిగా నిటారుగా నిలబడ్డాడు.

"కెప్టెన్ గారూ," అన్నాడు, "మునిగిపోయారన్నారే."

"నేను ఓడ ఎక్కలేదయ్యా. పడవెక్కితేనే వాంతులవుతాయి నాకు. మొక్కలకి అంట్లు కట్టేవాణ్ణి."

షోకేసుగారు నా చెవి దగ్గరికి వంగి, "గొప్పవాళ్ళు ఇంతేనండీ. ఎక్కడా చెప్పుకోరు" అన్నాడు. ఆయన గొంతు కూడా వణికింది. అది అబద్ధం వణుకు కాదు, అదే దారుణం.

మామగారు ఇంకో మూడు రకాలుగా నిజం చెప్పి చూశారు. చెప్పినకొద్దీ ఆయన కెప్టెన్ హోదా పెరిగింది. చివరికి అలసిపోయి, "నా చాకు నాకిచ్చెయ్యి నాయనా. దాంతో పనుంది" అన్నారు.

అంతే. కెప్టెన్ గారే స్వయంగా అడిగాక కాదనడానికి తానెంత అన్నాడు షోకేసుగారు. కాకపోతే బీరువాలో ఆ చోటు బోసిపోతుంది కదా. అందుకని నా చాకులన్నీ కావాలన్నాడు, కెప్టెన్ గారితో ఒక ఫొటో కావాలన్నాడు. నా చాకుల మూట విప్పాను. ఒక్కొక్కటీ ఇస్తూ, "ఇందులో పులి లేదు. ఇందులో సన్యాసి లేడు" అని చెప్పాను. ఆయన నా వీపు తట్టి, "మీరు మహా గడుసువారు" అని అన్నీ తీసుకున్నాడు. నగిషీ పిడి చాకు కూడా వెనక్కి వెళ్ళింది.

మామగారు చాకు జేబులో వేసుకోలేదు. నేరుగా మొక్కలావిడ దగ్గరికి నడిచి, ఆవిడ ముందు పెట్టారు.

ఆవిడ ముట్టుకోలేదు. "కెప్టెన్ గారిది కదా పెద్దాయనా" అంది.

నేను నోరు తెరిచాను. మామగారు నావంక చూశారు. మూసుకున్నాను.

"నాదేనమ్మా. దీంతో అంట్లు కట్టాను" అన్నారాయన.

ఆవిడకీ నమ్మకం కుదరలేదు. అప్పటికి సంతంతా కెప్టెన్ గారే. ఆవిడ చాకు తీసి, పక్క కుండీలోంచి ఒక కొమ్మ వంచి, ఏటవాలుగా ఒక్క లాగు లాగింది. కోసిన చోటు దగ్గరగా పెట్టుకుని చూసింది. నలగలేదు, చీలలేదు. తడిగా, నున్నగా ఉంది. ఆ కోతని ఆవిడ చాలాసేపు చూసింది. తర్వాత మామగారి చేతులవంక చూసింది.

"మీదే" అంది.

ఆ రోజు సంతలో నిజాన్ని నమ్మింది ఆవిడొక్కతే. అది కూడా మేం చెప్పినందుకు కాదు. మా మామగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈసారి బస్సులో కిటికీ వైపు నేను తిరిగి కూర్చున్నాను.

ఆవిడ ఇచ్చిన మొక్క మా వంటింటి కిటికీలో ఉంది. మామగారు పొద్దున్నే దానికి నీళ్ళు పోసి ఆ తర్వాతే టీ తాగుతున్నారు. మొన్న మా ఆవిడ కళ్ళజోడు మార్చుకోవడానికి షాపుకి వెళ్ళి వచ్చి, "ఏవండీ, మా నాన్న ఓడ ఎప్పుడు నడిపారు?" అంది. అద్దాల బీరువా మధ్యలో, లైటు కింద, ఫొటో ఫ్రేములో ఆయన నిలబడి ఉన్నారట. కింద నా చాకులన్నీ వరసగా. అవి కెప్టెన్ గారు దేశదేశాల్లో సంపాదించినవట! పులి ఆఫీసరు, సన్యాసి ఇద్దరూ ఒక్క దెబ్బకి కొట్టుకుపోయారు. నా పేరైతే ఎక్కడా లేదు.

కాబట్టి మళ్ళీ చెబుతున్నాను, స్టోరీ అన్నది వరం. అది లేకపోతే మా మామగారికి ఆయన చాకే తిరిగొచ్చేది కాదు. అది లేకపోతే ఆ చాకు మొదటి ఆదివారమే, ఒక మొక్కకి, చేరాల్సిన చేతికి చేరిపోయేదన్నది వేరే సంగతి.

ఇప్పుడు మా డ్రాయరు ఖాళీ. ఇవాళ పొద్దున కూడా మా ఆవిడ పాల ప్యాకెట్టు పళ్ళతోనే చింపింది. మీలో ఎవరి దగ్గరైనా మామూలు మడత చాకు ఒకటుంటే ఆదివారం సంతకి తీసుకురండి. పాతదైనా పర్లేదు, తెగితే చాలు. అది ఎవరిదని నేను అడగను. అడిగినా చెప్పకండి.